పిండిమర చక్రం ఎవరు తిప్పారు?

కిందటేడు శ్రావణమాసం, రెండో శుక్రవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. ఇది మొదలైన సమయం అదే, గడియారం చూసుకున్నాను. దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని మా అరుగు మీద కూర్చోనిచ్చే మనిషిని కాను నేను. పోయినవాళ్ళు తిరిగొస్తారంటే ఈ రోజుకీ ఒప్పుకోను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను.

మాది మండపేట. ఇంటి పక్క రేకుల షెడ్డులో మా మామగారు కొన్న పాత పిండిమర ఉంది. ఇప్పుడొచ్చే స్టీలు మర కాదు, రెండు రాళ్ళ మధ్య గింజ నలిగే రకం. పక్కనున్న ఇనప చక్రం ముందుకి తిప్పితే రాళ్ళు దగ్గరవుతాయి, వెనక్కి తిప్పితే దూరమవుతాయి. గోధుమలకి బిగువుగా ఉండాలి. చలిమిడికి నానబెట్టిన తడిబియ్యానికి వదులుగా ఉండాలి. లేకపోతే పిండి ముద్దయి రాయికి పట్టేస్తుంది, బెల్టు జారిపోతుంది, రాళ్ళు విప్పి గీకేసరికి పూట గడిచిపోతుంది.

ఆ చక్రం మా వదినది. వదిన అంటే మావారి అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. మావారు కూడా పోయాక మేమిద్దరమే మర నడిపాం. తూకం, డబ్బులు, కరెంటు బిల్లు నావి. రాయి ఆవిడది. పిండిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి చక్రం తిప్పేది. అరిగిన రాళ్ళకి ఉలితో కక్కు కొట్టే పని కూడా ఎవరికీ ఇచ్చేది కాదు. నేనేమైనా అంటే, "నీ లెక్కలు నువ్వు రాసుకోవే. రాయి సంగతి నీ పెన్నుకేం తెలుసు?" అనేది.

ఆ ఏడు జ్యేష్ఠంలో వదిన చనిపోయింది. మరని పాత ఇనుముకి ఇచ్చేయమని చుట్టాలందరూ చెప్పారు. ఇచ్చేస్తే పొద్దున లేచి నేను చేసేదేముంది? ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. మర తిరుగుతుంటే నలుగురు గిన్నెలు పట్టుకొచ్చి నిలబడతారు. అందుకని నాకు చేతకాకపోయినా నడిపాను. పిండి ఒకరోజు బరక, ఒకరోజు మాడు వాసన. రోజూ వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే స్టీలు మరకి వెళ్ళిపోతున్నారు.

ఆ శుక్రవారానికి ముందు సాయంత్రం చివరగా ఆడించింది గోధుమలు. చక్రం బిగువులో వదిలి షెడ్డుకి తాళం వేశాను. తాళంచెవి నా బొడ్లోనే ఉంది. పొద్దున ఎదురింటి కోడలు వ్రతానికని తడిబియ్యం తెచ్చింది. తొందరలో చక్రం వదులు చేయకుండానే బియ్యం పోసేశాను. పోశాక గుర్తొచ్చింది. పిండి మాత్రం పొడిపొడిగా, వెన్నలా పడుతోంది. వంగి చూస్తే చక్రం అర చుట్టు వెనక్కి ఉంది.

"అచ్చం పెద్దమ్మగారి చేతి పిండేనండి! ఇన్నాళ్ళూ మాకు నూక పోసి డబ్బులు పుచ్చుకున్నారు మీరు," అని నవ్వింది ఆ కోడలు.

మర అదురుకి చక్రం వదులై ఉంటుందనుకున్నాను. ఆ సాయంత్రం కూడా తడిబియ్యమే ఆడించి, చక్రం బాగా వదులుగా ఉంచి, దాని మీద సుద్దముక్కతో గీత గీశాను. తెల్లారి చూస్తే గీత పైకి వెళ్ళింది. చక్రం బిగిసింది. మొదట వచ్చిన రైసుమిల్లు హమాలీ గోధుమలు తెచ్చాడు.

అప్పట్నుంచి రోజూ గీత గీసేదాన్ని. కొన్నిరోజులు కదిలేది కాదు. కదిలిన రోజున మాత్రం, మొదట ఏ గింజ వస్తుందో చక్రం దానికే సరిపడా ఉండేది. ఒక్కసారి కూడా తప్పలేదు. పందికొక్కు ఏమోనని బోను పెట్టాను. కిటికీకి వల కొట్టించాను. ఏమీ దొరకలేదు. భయం వేసిందా అంటే, లేదు. తలుపు తీస్తూనే ముందు చక్రం చూసి, "అయితే ఇవాళ సెనగపప్పన్నమాట," అని పైకే అనేదాన్ని. వెళ్ళిపోయినవాళ్ళు కూడా గిన్నెలతో తిరిగొచ్చారు.

కార్తీకంలో బేరింగు అరుస్తోందని మెకానిక్ అప్పారావుని పిలిచాను. పనిలో పనిగా చక్రం సంగతి కూడా అడిగాను. వదిన మాట ఎత్తలేదు.

"చక్రం స్క్రూ చుట్లు అరిగిపోయాయండి అమ్మగారూ. అదురుకి వదులవుద్ది," అన్నాడు.

"బిగుసుకుంటుందా?"

"దానంతటదా? ఎలా బిగుస్తాదండి! మీరే తిప్పి మర్చిపోయుంటారు." చక్రం అటూ ఇటూ ఊపి చూసి, "ఇలాగే నడిపితే రాయికి రాయి కొట్టుకుని పగిలిపోద్దండి. మీద పడితే మనిషి దక్కరు. కొత్త స్క్రూ, అది కదలకుండా లాక్ నట్టు వేసేస్తాను," అన్నాడు.

అతను చెప్పింది సబబే. ఆ పైన, కారణం తేలని సంగతి ఇంట్లో పెట్టుకుని ఉండలేను నేను. సరే వేసేయమన్నాను. రాజమండ్రి నుంచి స్క్రూ, బేరింగు తెప్పించి, మధ్యాహ్నానికల్లా బిగించి వెళ్ళాడు.

మర్నాడు గీత కదల్లేదు. ఆ మర్నాడూ కదల్లేదు. నెల తిరిగింది. సాయంత్రాలు లాక్ నట్టు నేనే వదులు చేసి, చక్రం మీద చెయ్యి వేసి, "నట్టు తీసే ఉంచాను వదినా," అని చెప్పి తాళం వేసేదాన్ని. అలా పౌర్ణమి దాకా చేశాను. లాభం లేకపోయింది.

పాత స్క్రూ తెచ్చిమ్మని అప్పారావుకి ఫోన్ చేశాను.

"అదెప్పుడో పాత ఇనుములో పోయిందండి. అరిగిపోయిన ముక్కతో మీకేం పనండీ అమ్మగారూ?"

ఊరికే అడిగానన్నాను.

ఇప్పుడు చక్రం నేనే తిప్పుతున్నాను. ఇన్నాళ్ళకి వేళ్ళకి కొంత తెలిసింది. పిండి బాగానే వస్తోంది. అప్పుడు చక్రాన్ని తిప్పింది ఏమిటో నాకు తెలియదు. స్క్రూ మారిస్తే అది ఎందుకు ఆగిందో అసలే తెలియదు.

ఆ మరమ్మతులో పోయినవి ఇవి: పాత స్క్రూ ఒకటి. బేరింగు ఒకటి. ఒక పూట పని. తెల్లవారకముందే మెలకువ వచ్చి, షెడ్డు తలుపు ఎప్పుడు తీద్దామా అని ఉండే తొందర.