ఓనరమ్మ చేసిన పులిహోర

మా స్కూలు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో కార్తీక వనభోజనాల కబురు వచ్చిందంటే నాకు దిగులు మొదలవుతుంది. ఎవరింటి నుంచి వాళ్ళు ఒక వంట చేసుకురావాలి. ఊరి బయట ఏదో ఒక తోటలో అన్నీ వరసగా పెట్టుకుని కలిసి తినాలి. కబురు వచ్చిన ఐదు నిమిషాల్లో ముగ్గురు పులిహోర అంటారు, ఇద్దరు పెరుగన్నం అంటారు. పులిహోర మీద ఎవరికైనా ఎందుకంత ప్రేమంటే, చేయడం తేలిక, మోసుకుపోవడం తేలిక, చల్లారినా రుచి పోదు, వద్దనేవాళ్ళు ఉండరు. తయారైన పులిహోరలన్నీ సగం సగం మిగిలి ఇంటికి తిరిగి రావడం కూడా ప్రతి ఏడూ మామూలే.

నేను ఆ స్కూల్లో చేరిన మొదటి రెండేళ్ళూ ఏ వంటా రాయలేదు. రాయనివ్వలేదు. నేను టైపు చేసేలోపే మా సీనియర్ టీచరు పెట్టేసేది. ఆమెను మేమందరం అక్కా అంటాం, వనభోజనాల పెత్తనమంతా ఆమెదే. "నువ్వు ఒక్కదానివే ఉంటావు గదమ్మా, నీకెందుకు శ్రమ. విస్తర్లు, గ్లాసులు నువ్వు తే" అని రాసి, పక్కన ఒక నవ్వు బొమ్మ పెట్టేది.

నేను లెక్కల టీచర్ని. ఒక లెక్కకు రెండు జవాబులు వస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాటకు మాత్రం నాకు ఎప్పుడూ రెండు జవాబులే వచ్చేవి. ఒకటి, ఆమెకు నా మీద నిజంగానే అభిమానం. రెండోది, మా ఇంటి నుంచి వచ్చిన అన్నం ఎవరూ ముట్టరని ఆమెకు తెలుసు, ఆ ఇబ్బంది రాకుండా ముందే తప్పించింది. ఏది నిజమో అడిగే ధైర్యం నాకు లేదు.

మాది రాచర్ల అవతల, నల్లమల అంచున ఉన్న గూడెం. అమ్మ అడవిలో చింతపండు, కుంకుడుకాయలు, ఉసిరికాయలు ఏరుకొచ్చి అమ్మి నన్ను చదివించింది. చిన్నప్పుడు ఒకసారి ఆమెతో, ఇప్పుడు మా స్కూలున్న ఈ గిద్దలూరుకే వచ్చి, ఒక ఇంటి ముందు దాహమన్నాను. ఆ ఇంటావిడ చెంబు పైకెత్తి పట్టుకుని, తగలకుండా నా దోసిట్లోకి నీళ్ళు పోసింది. మోచేతుల దాకా తడిసిపోయాను. అదే ఆవిడ అమ్మ గంపలో ఉసిరికాయలు మాత్రం ఏరి ఏరి కొంగులో పోయించుకుంది. నాకు అప్పుడు ఏడేళ్ళుంటాయి. ఇప్పటికీ ఎవరైనా నాకు నీళ్ళిస్తుంటే ముందు చెంబు ఎంత ఎత్తులో ఉందో చూస్తాను.

విస్తర్లు తెమ్మన్నారు కదా, రెండేళ్ళూ అమ్మే కుట్టి పంపింది. మోదుగాకులు కోసుకొచ్చి, పుల్లలతో కుట్టి, బరువు పెట్టి చదును చేసిన విస్తర్లు. సాంబారు పోసినా కారలేదు. "ఎవరు కుట్టినారో గానీ గట్టి చెయ్యి" అని మెచ్చుకుంటూ వాటిలోనే అందరూ సుబ్బరంగా తిన్నారు.

మూడో ఏడు, కబురు వచ్చిన మరుక్షణం అందరికంటే ముందు టైపు చేశాను. "నాది ఉసిరికాయ పులిహోర." కొట్టి, ఫోను బోర్లా పెట్టి, గది తుడవడం మొదలుపెట్టాను. తుడిచిందే తుడిచాను. పావుగంట తర్వాత చూస్తే అక్క బొటనవేలు బొమ్మ పెట్టింది, అంతే. అప్పుడు అమ్మకు ఫోను చేశాను. నిజం చెప్పాలంటే నాకు గుడ్డు ఉడకబెట్టడం, కందిపొడి కలుపుకుని తినడం తప్ప ఏమీ రాదు.

శనివారం సాయంత్రం అమ్మ సంచీ నిండా అడవి ఉసిరికాయలతో దిగింది. చేతుల నిండా ముళ్ళ గీతలు. నాకు కావలసింది వంట, ఆమె వస్తుందని నేను అనుకోలేదు. ఎట్లా చేయాలో ఫోనులో చెబితే చాలనుకున్నాను.

"ఫోన్లో చెప్తే వచ్చే వంటనా పాపా ఇది? నలభై మందికి కలపాలంటే నీ చేతనవుతాదా?" అంది. అంతటితో ఆగలేదు. "తోటకు నేనూ వస్తాలే. ఆ గిన్నె నువ్వొక్కదానివే యాడ మోస్తావు?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వంట ఒక్కటే పోతే ఒక దారి. అమ్మే ఎదురుగా కూర్చుని ఉంటే, ఆమె పచ్చబొట్ల చేతులు, ఆమె మాట, ఆమె చీరకట్టు చూసి ఎవరైనా గరిటె వెనక్కి పెడితే? ఆమె కళ్ళముందే ఆ గిన్నె నిండుగా ఉండిపోతే? నాకు ఎంత అవమానమైనా పడతాను, అలవాటే. అమ్మకు జరగకూడదు.

తెల్లవారుజామున దంచుతున్న చప్పుడుకు లేచాను. నేను అద్దెకుండే ఇంటి పెరట్లో ఓనరమ్మ రోలుంది. అమ్మ ఆమెను అడిగి, ఆ రోట్లో ఉసిరికాయలు, పచ్చిమిర్చి, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా దంచుతోంది. ఓనరమ్మ మడి, పూజ ఉన్న మనిషి. అక్కడే తులసికోట దగ్గర నిలబడి చూస్తోంది. ఆమె అమ్మను రోలు ముట్టుకోనివ్వడమే నాకు నమ్మబుద్ధి కాలేదు. తర్వాత కడిగించుకుంటుందిలే అనుకున్నాను. ఆ నెలలో నా బుద్ధి ఎవరి గురించీ మంచిగా ఆలోచించే స్థితిలో లేదు.

పసుపు, నూనె కలిపిన అన్నం గుడ్డమీద ఆరబోసి, పూర్తిగా చల్లారాక అమ్మ చేత్తో కలిపింది. గరిటె పెట్టలేదు. అది చూస్తూ నేను, "గరిటెతో కలపొచ్చు కదమ్మా" అన్నాను. "గరిటెకు ఉప్పు తెలుస్తాదా?" అంది. వేరుశెనగ గుళ్ళు, ఎండుమిరపకాయలు, కరివేపాకు, ఇంగువ పోపు వేసేసరికి ఇల్లంతా ఘుమఘుమ. ముందుగా ఒక స్టీలు డబ్బాలోకి తీసి మూత పెట్టింది.

"ఇది ఎవరికి?"

"ఓనరమ్మకు. రోలు ఇచ్చింది గదా, వట్టి చేతుల్తో పోతే ఏం బాగుంటాది."

"ఆమె తినదమ్మా! పారబోస్తుంది. ఎందుకు పరువు తీసుకోవడం?" అని అరిచేశాను. అమ్మ నా మొహం ఒకసారి చూసి, డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది.

తోట రాచర్ల రోడ్డులోనే ఉంది. ఆటో దిగేసరికి ఉసిరి చెట్టు కింద దుప్పటి పరిచి, గిన్నెలు వరసగా పెట్టేశారు. మా గిన్నెతో కలిపి పులిహోరలు నాలుగు. మిగతావి చింతపండు, నిమ్మకాయ, మళ్ళీ చింతపండు. అమ్మను అందరికీ చూపించి "మా అమ్మ" అన్నాను. "రా పెద్దమ్మా, కూర్చో" అన్నారు, కుర్చీ వేశారు. ఆమె కుర్చీలో కూర్చోలేదు, గట్టు మీద కూర్చుంది.

వడ్డనకు ముందు అక్కకు ఒక అలవాటుంది. ఒక్కో గిన్నె మూత తీసి, ఇది ఎవరు చేశారో గట్టిగా చెబుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. సరదాకే. "ఈ గారెలు మా సైన్సు సార్ భార్య చేసింది." చప్పట్లు. "ఈ నిమ్మకాయ పులిహోర మా హిందీ మేడం వాళ్ళ అత్తగారిది." చప్పట్లు. నా గిన్నె ఐదోది. ఈ చప్పట్ల సంగతి నేను మర్చిపోయాను. అమ్మకు ముందే చెప్పనూ లేదు.

ఆ సమయానికి అమ్మ చెంబు పట్టుకుని బోరు దగ్గరకు నీళ్ళకు లేచింది. నాలుగడుగులు వేసింది. పది. అక్క నా గిన్నె మూత తీసింది. వాసన చూసి, "అబ్బ! ఏంది ఇంత కమ్మగా ఉంది? ఎవరు చేసినారమ్మా ఇది?" అంది.

ఆమె కళ్ళలో ఏమీ లేదు. నేను అప్పుడే చూశాను, ఇప్పుడు కూడా గుర్తుంది. ఉత్త ఆకలి తప్ప ఏమీ లేదు. అయినా నా నోట్లోంచి, "మా ఓనరమ్మ చేసిందక్కా" అని వచ్చింది.

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

రోలు ఆమెదే కదా, పూర్తి అబద్ధమేం కాదు అని మనసులో సర్దుకున్నాను. సిగ్గు లేకపోతే మనిషి ఎంత దూరమైనా సర్దుకుంటాడు. బోరు వైపు చూశాను. మోటారు నడుస్తోంది, అమ్మ వీపు కనిపిస్తోంది. వినబడి ఉండదు.

ఆ రోజు మిగతా మూడు పులిహోరలను పలకరించిన వాళ్ళు లేరు. అందరూ నా గిన్నె మీదే పడ్డారు. మా డ్రిల్లు మాస్టారు మూడుసార్లు పెట్టించుకున్నాడు. "ఇది ఉసిరికాయంటే నమ్మలేం" అని ఒకరు, "చేదు లేకుండా ఎట్ల చేసిందో ఆయమ్మ" అని ఒకరు. ప్రతి మెప్పూ నా వీపు మీద దెబ్బలా పడుతోంది. ఓనరమ్మ మాట ఎవరైనా అమ్మ చెవిన వేస్తారేమోనని నేను విస్తరి ముందు కూర్చుని కూడా ఆమె వైపే చూస్తున్నాను. అమ్మ అవతలి వరస చివర కూర్చుంది. ఆమె పక్కన ఎవరు కూర్చుంటారా అని అంతసేపూ చూసిన నేను, ఇప్పుడు ఎవరూ కూర్చోకపోతే బాగుండునని మొక్కుకున్నాను.

అక్కే వెళ్ళి కూర్చుంది. తన గరిటెతో తానే అమ్మకు వడ్డించింది. "పెద్దమ్మా, ఇంకొంచెం ఏస్కో. మీ అమ్మాయి వాళ్ళ ఓనరమ్మ చేసిన పులిహోర, అడుగుకొచ్చేసింది. ఆయమ్మ చెయ్యి ఎంత మంచిదో!"

అమ్మ చెయ్యి విస్తరి మీద ఆగింది. నా వైపు చూడలేదు. పులిహోర ఒక ముద్ద తీసుకుంది, నెమ్మదిగా నమిలింది, కొత్తగా రుచి చూస్తున్నట్టు.

"అవును తల్లీ," అంది. "ఆయమ్మ చెయ్యి మంచిది."

తిరుగు ప్రయాణంలో ఆటోలో మా ఇద్దరి మధ్యా ఖాళీ గిన్నె ఉంది. రోడ్డు గుంతల్లో మూత గలగలమంటుంటే అమ్మ దాన్ని చేత్తో అదిమి పట్టుకుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేనూ ఏదో ఒకటి అరిచి, ఏడ్చి, తేల్చుకునేదాన్ని. ఆమె బయట కంది చేలు చూస్తూ, "ఈ ఏడు పూత బాగుంది" అంది.

ఇల్లు చేరి కాళ్ళు కడుక్కుంటుంటే ఓనరమ్మ వాకిట్లోకి వచ్చింది. ఆమె చేతిలో మా స్టీలు డబ్బా. తోమి, అందులో నాలుగు అరిసెలు పెట్టి తెచ్చింది. నాతో మాట్లాడలేదు, నేరుగా అమ్మ దగ్గరకు పోయింది.

"నాకు పళ్ళు లేక సరిపోయింది గానీ, లేకుంటే డబ్బాతో సహా నమిలేదాన్ని," అని నవ్వి, అక్కడే మెట్టు మీద చతికిలబడింది. "ఎట్ల చేసినావో చెప్పు వదినా. నేను చేస్తే ఎప్పుడూ చేదెక్కుతాది."

ఓనరమ్మ మా అమ్మను వదినా అంది. పారబోస్తుందని నేను ఎవరి గురించి అరిచానో ఆమె. ఎవరి పేరు వెనక దాక్కున్నానో ఆమె.

అప్పుడే ఫోను మోగింది. గ్రూపులో అక్క. "ఈ రోజు హిట్టు ఉసిరికాయ పులిహోరదే! మీ ఓనరమ్మను అడిగి ఎట్ల చేయాలో పెట్టమ్మా, అందరూ అడుగుతున్నారు."

అమ్మ ఓనరమ్మకు చెబుతోంది. కాయలు తురమొద్దు, దంచాలి. దంచినాక గింజలు ఏరేయాలి. పొయ్యి మీద పెట్టొద్దు, పెడితేనే చేదు. అన్నం బాగా చల్లారినాకే కలపాలి. నేను వాళ్ళ పక్కనే మెట్టు మీద కూర్చుని, ఆమె చెప్పింది చెప్పినట్టు టైపు చేశాను. అంతా అయ్యాక, రాసినదానికి పైన మొదటి వరసగా ఇది చేర్చాను. "ఇది మా అమ్మ చేసింది. ఓనరమ్మ కాదు. నేను అబద్ధం చెప్పాను." వేలు చాలాసేపు గాలిలోనే ఉంది. తర్వాత నొక్కేశాను.

ఒక్కరొక్కరే చూస్తున్నారు, ఎవరూ ఏమీ రాయడం లేదు. ఓనరమ్మ లేచి వెళ్ళిపోయింది. చివరికి అక్క రాసింది. చదివాను, మళ్ళీ చదివాను.

అమ్మకు చదవడం రాదు. నా మొహమైతే చదువుతుంది. "ఏంది పాపా? ఏం రాసినారు?" అంది.

దాచడానికి ఇక ఏమీ మిగల్లేదు. నేను జరిగిందంతా గ్రూపులో రాశానని చెప్పి, వచ్చిన జవాబు పైకి చదివాను. "పెద్దమ్మ నా పక్కనే కూర్చుని తిన్నది గదమ్మా. ఆయమ్మ చేసిందని అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

అమ్మ అరిసె ఒకటి విరిచి సగం నా చేతిలో పెట్టింది.

"నేనూ అదే అడుగుదామనుకుంటాన్నా," అంది.