రామవ్వ తాడు లాగితేనే

బెల్లంపల్లిలో బొగ్గుబావులు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చి, చివరికి కైలాసం పనిచేసే వర్క్‌షాపుకు కూడా తాళం పడింది. ఆయన ఊరుకుంటే కదా! తుక్కు వేలంలో ఓ పాత లేత్ మిషన్ కొనుక్కొచ్చి ఇంటి ముందుగదిలో దింపాడు. ఇనుమును తిప్పుతూ చెక్కే ఆ యంత్రానికి త్రీ ఫేజు మోటారు. ఇంటికొచ్చేదేమో సింగిల్ ఫేజు కరెంటు. ఆ మాట భార్య రామవ్వకు ముందు చెప్పి ఉంటే మిషన్‌ను గడప దాటనిచ్చేది కాదు.

ఇంటి కరెంటుతో ఆ మోటారు తనంతట తాను కదలదు. ఉత్తగా స్విచ్ వేస్తే గుర్రుమంటూ నిలబడి కాలిపోతుంది. అందుకని ముందు ఇరుసుకు తాడు చుట్టి గట్టిగా లాగాలి, అది ఊపులో ఉండగానే స్విచ్ వేయాలి. ఆ లాగే పని రామవ్వది. వీధిలో బల్బులు మసకబారితే చాలు, "రామవ్వ తాడు గుంజింది" అని నవ్వుకునేవారు.

వాళ్లకేం, నవ్వుతారు. రామవ్వ మాత్రం తాడు పట్టిన ప్రతిసారీ ప్రాణం గుప్పిట్లో పెట్టుకునేది. లేత్ ముందు నిలబడే కైలాసానికి వెనకనున్న మోటారు కనబడదు. యంత్రాల హోరులో పనిచేసి చేసి చెవులు దాదాపు పోయాయి. పైగా ఆ మోటారును తాడుతో ఏ వైపు లాగితే ఆ వైపే తిరుగుతుంది. ఎదురు తిరిగిందంటే, ఇనుప ముక్కను పట్టి ఉంచే బరువైన చక్ మర విప్పుకుని ఊడిపడుతుంది. అందుకే ఆయన రెండు చేతులూ పైకెత్తి చూపిస్తే తప్ప ఆమె తాడు లాగేది కాదు. తన చేతి పొరపాటుతో పెనిమిటి పోతాడేమోనన్న భయం ఆమెను ఏనాడూ వదల్లేదు.

మొన్న యాసంగి వరికోతలప్పుడు పెద్దపల్లి నుంచి వచ్చి హార్వెస్టర్ నడుపుతున్న షోయబ్ ఆదరాబాదరాగా వచ్చాడు. బండి పుల్లీ లోపల అరిగిపోయింది, ఆ రంధ్రంలో బిగుతుగా కూర్చునే ఇనుప గొట్టం, బుష్, వేయాలి. బయట మబ్బు కమ్ముకొస్తోంది.

"అన్నా, జర జల్ది చెయ్యి. వాన వడితే రైతులు నన్ను బతకనియ్యరు," అన్నాడు.

"గాయనకు ఇనవడది తమ్మీ. ఏదున్నా నాకు చెప్పు," అంది రామవ్వ.

పని సగంలో ఉండగా కరెంటు పోయింది. రామవ్వ వెంటనే స్విచ్ ఆపింది. కైలాసం మిషన్ మీదికి వంగి ఉలి మార్చుకుంటున్నాడు. అంతలో చినుకులు మొదలయ్యాయి. ఎండబోసిన మిరపకాయలు ఎత్తడానికి ఆమె చాట పట్టుకుని వాకిట్లోకి ఉరికింది. ఆమె అటు పోగానే కరెంటు వచ్చింది.

షోయబ్ ఆగలేకపోయాడు. పొలాల్లో చిన్న ఇంజన్లను తాడు చుట్టి లాగిన చేతులు అతనివి. ఇదీ అంతే అనుకున్నాడు. తన అలవాటు వైపే తాడు చుట్టి, ఒక్క గుంజు గుంజి, స్విచ్ వేశాడు.

గుమ్మంలోంచి రామవ్వ చూసింది. చక్ ఎదురు తిరుగుతోంది. కైలాసం తల దాని ముందే ఉంది. అరిస్తే ఆయనకు వినబడదు, షోయబ్‌కు చెప్పి ఆపించేంత వ్యవధి లేదు. చాట విసిరేసి, వెనక నుంచి మొగుడి అంగీ పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. చక్ ఊడి మిషన్ మీద పడి, ఎగిరి, ఆయన నిలబడ్డ చోట బండను పగలగొట్టింది.

"పిస్స లేసిందానే నీకు?" అని గయ్యిమన్నాడు కైలాసం. తర్వాత పగిలిన బండను చూశాడు.

షోయబ్ స్విచ్ ఆపేసి గోడకు చేరగిలబడ్డాడు. "తప్పైంది అక్కా. నాకు పుల్లీ వద్దు, ఏం వద్దు. నేను వోత."

"వోయి రైతులకేం జెప్తవ్? వాకిట్ల నిలవడు. మల్ల గా తాడు ముట్టినవంటే సెయ్యి ఇరగ్గొడ్త."

చక్‌లో బిగించి ఉన్న పుల్లీ అంచు కొంచెం చెదిరిందంతే. చక్ మళ్లీ బిగించారు. కైలాసం చేతులెత్తాడు. రామవ్వ తాడు ఏ వైపు చుట్టిందో మళ్లీ ఒకసారి చూసుకుని లాగింది. బుష్ పూర్తయ్యేదాకా ఆయన మీంచి చూపు తిప్పలేదు. షోయబ్ పుల్లీ పట్టుకుని సన్న చినుకుల్లోనే పరుగెత్తాడు.

అప్పుడు కూలబడింది రామవ్వ. కూలబడి ఏదో గొణిగింది.

"ఏందే?" అంటూ కైలాసం వంగాడు.

ఇన్నేళ్లుగా ఆయనతో సైగలతోనే నెట్టుకొచ్చిన మనిషి, ఆయన చెవి పట్టుకుని వీధి దద్దరిల్లేలా అరిచింది. "నువ్వు వోతే నేనెట్ల బతుకుతనయ్యా? నువ్వు లేని ఇల్లు నాకెందుకు?"

ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి. కైలాసం సిగ్గుపడిపోయాడు.

"గట్ల ఒర్రకే. ఇనవడ్డది," అన్నాడు.

వినబడిందని తెలిసి కూడా ఆమె మళ్లీ అరిచింది.