లేచిందా?

అద్దంకి నుంచి గుంటూరు వచ్చే బస్సులో ఉండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సెల్‌ఫోన్లో అరిస్తేగాని అవతలివాళ్లకి వినపడని రోజులవి. కొత్త కోడ్ సర్వర్ మీదకి ఎక్కించగానే మా వెబ్‌సైట్ పడిపోయిందట.

"ఒరేయ్, కంగారుపడి ఏదీ కెలక్కు. పాత వెర్షన్ అలాగే ఉంటుందిగా, అది ఎక్కించెయ్" అని అరిచాను. కాసేపటికి మళ్లీ ఫోన్. "లేచిందా? హమ్మయ్య!" అన్నాను.

"ఏం లేచింది బాబూ?" అన్నాడు పక్కసీట్లో తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన.

అడిగేవాళ్లుంటే నాకు హుషారు. మేం ఏది మార్చినా పాతది చెరిగిపోదనీ, కొత్తది చెడితే నిన్నటిదాన్నే తెచ్చి పెట్టేస్తామనీ గొప్పగా చెప్పాను.

ఆయన కిటికీలోంచి పత్తిచేల వైపు చూశాడు.

"వాన లేక మా చేలో మొక్కలు తల వాల్చేశాయి బాబూ. ఇక లేవవని ట్రాక్టరు పెట్టి దున్నించేశా. మా ఇంటావిడ రెండ్రోజులు ఆగమంది. వినలా. దున్నించిన మర్నాడే వాన పడింది. పక్కోళ్ల చేను లేచింది."

"ఆవిడేమన్నారండీ?"

"ఏమీ అనలా. ఇప్పటిదాకా అనలా."

దిగబోతూ నా భుజం తట్టాడు. "నిన్నటిది దాచుకుంటారు చూడు, మంచి పని."

ఆ వెబ్‌సైట్ మూతపడి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఆఫీసులో ఎవరైనా "లేచింది!" అని కేకేస్తే అందరూ సంబరపడతారు. నేను మాత్రం 'పక్కోళ్ల చేను' అనుకుంటాను.