నూటికి మూడు

గని కప్పు చూడటం ఆయన పని. పొద్దున్నే అందరికంటే ముందు లోపలికి దిగి, ఇనుపకడ్డీతో పైరాతిని తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. విన్నాక పక్కనున్న స్తంభం మీద సుద్దతో ఒక అంకె వేసేవాడు. పది వేశాడంటే ఇవాళ ఆ కప్పు కూలడానికి నూటికి పదిపాళ్లు అవకాశముందని అర్థం. ఇరవై దాటితే అటు ఎవరూ అడుగు పెట్టేవారు కాదు.

ఈ పిచ్చి ఇంటికీ పాకింది. సంబంధం కుదురుతుందా అంటే నూటికి నలభై అనేవాడు, జ్వరం తగ్గుతుందా అంటే నూటికి డెబ్బై. జనం ఆయన పేరు మరిచిపోయి ‘నూటికింత’ అని పిలిచేవారు, ఆయనా పలికేవాడు. సున్నా, నూరు మాత్రం చచ్చినా ఆయన నోట వచ్చేవి కావు. తన చేతుల మీద పెరిగిన తమ్ముడు ఓసారి పరీక్ష నూటికి నూరూ పాసవుతానంటే చెవి మెలేశాడు.

“తొంభైతొమ్మిది దగ్గర ఆగరా. ఆ ఒక్కటీ మన చేతిలో లేదు.”

ఆ తమ్ముడే కప్పు కూలి అవతల చిక్కుకుపోయాడు. ఆ ఉదయం అక్కడి స్తంభం మీద అన్న వేసిన అంకె నాలుగు.

పన్నెండుమంది మూడురోజులు తవ్వారు. అవతలినుంచి పిలుపు లేదు. మూడోనాటి సాయంత్రం తవ్వేవాళ్ల నెత్తిమీద కప్పు బీటలిచ్చింది. మేనేజరు ఈయన్నే అడిగాడు. కడ్డీతో తట్టి, ఇదీ కూలడానికి నూటికి అరవై అన్నాడు. మరి తమ్ముడు బతికుండటానికో? మూడు అన్నాడు. ఇంకొకడైతే అబద్ధమాడేవాడు. అంత నిజాయితీ ఎవడిక్కావాలి? తవ్వకం ఆపేశారు.

గేటు దగ్గర మరదలు ఎదురొచ్చింది.

“మూడంటే సున్నా కాదుగా, బావగారూ?”



నెల తర్వాత వేరే దారిన తవ్వుకెళితే శవం దొరికింది. పక్కన గోడమీద సుద్దరాతలు, తేదీలు వేసి ఐదు వరసలు. ‘అన్న వస్తాడు, అరవై.’ మర్నాడు ఎనభై. మూడోరోజు తవ్వే చప్పుడు దగ్గరికొచ్చినట్టుంది, తొంభై. ఏ చప్పుడూ లేని ఆ తర్వాతి రెండు రోజులూ ఏ లెక్కన పెంచాడో మరి, తొంభై అయిదు వేశాడు, తొంభైతొమ్మిది వేశాడు.

నూరు మాత్రం వెయ్యలేదు, అన్న కోప్పడతాడని.