పెళ్లికార్డులో పట్టని ఒక్క వరుస

మొన్న మా కోడలు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చుకుని, ఆఫీసు సాఫ్ట్‌వేర్ అందులో ఎక్కనంటోందని, ప్రాసెసర్ రకమే మారిపోయిందట అత్తమ్మా అని తల పట్టుకుని కూర్చుంటే, పాపం అనుకోవాల్సింది పోయి నాకు నవ్వొచ్చింది. ఆ బాధ మక్తల్‌లో మా ప్రింటింగ్ దుకాణంలో నేనెప్పుడో పడి ఉన్నాను.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో మాట. మా ఆయన మెషిన్ మీద అచ్చు వేస్తే, నేను కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లికార్డులు టైపు చేసేదాన్ని. పాత కంప్యూటర్ నత్తలా నడుస్తోందని మహబూబ్‌నగర్‌లో షాపువాళ్లకు ఇచ్చేసి, కొత్తది తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి మరీ ఆన్ చేశాం. మా తెలుగు సాఫ్ట్‌వేర్ పాత రకం ప్రాసెసర్ కోసం రాసినదని, కొత్తది దాన్ని లోపలికే రానివ్వదని మాకు తెలియదు, కొనేముందు అడగాలన్న బుద్ధీ పుట్టలేదు. వెనక్కి తెచ్చుకుందామంటే పాతదాన్ని అప్పటికే విప్పేశారు.

సరిగ్గా అప్పుడే మా ఆడబిడ్డ తన చిన్నకూతురి పెళ్లికార్డు కోసం వచ్చింది. పెద్దకూతురి కార్డులో ఎవరి పేరు ఎక్కడుండాలన్న దాని మీద వాళ్ల పాలివాళ్లు పెద్ద పంచాయితీ పెట్టుకుని, ఎలాగో రాజీపడ్డారు.

"వదినా, పెద్దబిడ్డ కార్డు తీరుగనే ఉండాలె. ఒక్క పేరు పోయినా మా పెద్దబావ పందిట్లకు రాడు," అంది.

తెల్లారితే మొదటి కార్డు దేవుడి ముందు పెట్టాలి. అప్పట్లో నేనే కొట్టిన పెద్దబిడ్డ కార్డు ఫైలు దాచుకున్నా తెరుచుకోదాయె. కొత్త సాఫ్ట్‌వేర్‌లో మొత్తం మళ్లీ కొడితే, దాని అక్షరాలు బొద్దుగా ఉండి, చివరి వరుస కార్డులో పట్టనే లేదు. సైజు తగ్గిస్తే ముసలివాళ్లకు ఆనదు.

ఆడబిడ్డ కాసేపు చూసి, "నా పేరున్న వరుస తీసెయ్ వదినా. తల్లిని, నేను రాకుంట యాడికి పోత?" అని నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

తల్లి పేరు తీసేస్తానా! ప్రతి కార్డు అడుగునా మా దుకాణం పేరుండేది, మా ఆయనకు దాని మీద ప్రాణం. ఆయన్ను అడక్కుండానే దాన్ని తీసేసి, ఆ చోట చివరి వరుస ఇరికించాను. అచ్చయ్యాక చూసుకుని రెండు రోజులు నాతో మాట్లాడలేదు గానీ, పెళ్లిలో ఆ పెద్దబావ ముందువరుస కుర్చీలో కూర్చుని కార్డులోని పేర్లన్నీ పైకి చదువుతుంటే, మా ఆయనే నాకు లడ్డూ తెచ్చిచ్చాడు.

ఇప్పుడు కార్డులు ఫోన్లోకే వస్తున్నాయి, ఎన్ని పేర్లయినా పడతాయి. హాయే కదా అనుకుంటాను. కానీ పేరు లేదని అలిగి ఇంట్లో కూర్చునేవాళ్లు కూడా ఇప్పుడెవరూ లేరు.