బర్రె వంతు

ఇన్నేళ్లుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాను, ఎవరూ పట్టించుకోలేదు. మేనకోడలి పెళ్లిలో అడిగితే బావ నా విస్తరిలో ఇంకో చేప ముక్క వేసి పక్క బంతికి వెళ్లిపోయాడు. అదీ తోక ముక్క. అక్కను అడిగితే "ఇంక గదే పట్టుకొని కూసున్నవా?" అంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో హమాలీని. వానలు పడితే బస్తాలు రావు, కూలి ఉండదు. ఆ ఏడు బియ్యం డబ్బా అడుగు కనిపించాక, పోచంపాడ్ ప్రాజెక్టులో చేపలు పట్టే బావ దగ్గరికి పని కోసం పోయాను.

బావ చేపలు పట్టేది బర్రెతో. దూడప్పటి నుంచి దానికి నేర్పాడు. ఆయన నాలుకతో టక్కుమనిపిస్తే అది ప్రాజెక్టు అంచున మోకాటిలోతు నీళ్లలో దిగి గుండ్రంగా తిరిగి వచ్చేది. దాని కాళ్ల కింద బురద లేచి, బెదిరిన చేపలు ఎదురుగా ఇద్దరు పట్టుకున్న వలలోకి ఉరికేవి. సాయంత్రం కుప్పలు పోసేవారు: మనిషికో వంతు, బర్రెకో వంతు. బర్రె వంతు అమ్మి దానికి దాణా కొనేవారు.

నేను మార్కెట్ అంగీతోనే నీళ్లలో దిగాను. ఎంత ఉతికినా పోని పసుపు అది. వాసన తగలగానే బర్రె బుసకొట్టి, వల తొక్కి చింపి గట్టెక్కింది.

వల రెండో కొస పట్టుకున్న ముసలాయన నవ్వాడు. "పెండ్లికొడుకు పసుపు పూసుకొని వచ్చిండు. పిల్లను సూడాల్నా?"

ఆ మాట నేను మరవలేదు.

మరునాడు అంగీ విడిచి, బావ లుంగీ అడిగి కట్టుకుని నేను పోయినా, నన్ను చూడగానే బర్రె ఆగిపోయింది.

"నువ్వు ఒడ్డు మీద కూసో బామ్మర్దీ. నువ్వుంటే ఇది దిగది."

"బర్రె కన్న తక్కువైననా బావా?"

"గిప్పుడైతే గంతే."

ఆ సాయంత్రం బావ బర్రె కుప్పను నా ముందుకు జరిపాడు.

"గది బర్రె వంతు గదనే," అన్నాడు ముసలాయన.

"దానికి గడ్డి ఉన్నది తియ్," అన్నాడు బావ.

వానాకాలమంతా అంతే. నేను ఒడ్డున కూర్చునేవాణ్ని, బర్రె పనిచేసేది, దాని వంతు మా ఇంటికి వచ్చేది. నా భార్య సగం వండి, సగం ఇచ్చి బియ్యం తెచ్చేది. ముళ్లు తీసుకుని తినడం మా పిల్లలు ఆ వానల్లోనే నేర్చుకున్నారు. అక్క కోసుకొచ్చిన గడ్డితోనే బర్రె గడిపింది. అది పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ నీళ్లలో బర్రె కనిపిస్తే నా చేతులు వాటంతటవే జోడవుతాయి. బావకు ఎదురుగా ఎన్నడూ అలా మొక్కలేదు. మొక్కనిచ్చేలా ఆయన ఉంటే కదా.

బావా, నీ మేలు మరవలేదు. తోక ముక్కా మరవలేదు. నేను అడిగేది ఒకటే. ఊరికే ఒడ్డున కూర్చున్నవాడికి ఆ కుప్ప ఎందుకిచ్చావు? జాలిపడి పెట్టావా, నీ మనుషుల్లో ఒకడిగా లెక్కగట్టి పంచావా? వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. ముందు జవాబు చెప్పు, తర్వాతే కూర వడ్డించు.