తాళం వేసిన ఇంట్లో పోపు వాసన

కొత్త రాష్ట్రం ఏర్పడిన కొన్నేళ్లకు, ఒక వానాకాలం మొదట్లో, నన్ను నగర మాస్టర్ ప్లాన్ సవరణ విభాగానికి డిప్యూటీ ప్లానర్‌గా వేశారు. ఆఫీసు నయాపూల్ దగ్గర ఒక పాత భవనంలో రెండో అంతస్తు. నా పైన చీఫ్ ప్లానర్, నా కింద ఇద్దరు అసిస్టెంట్లు, వాళ్ల కింద వీధుల్లో తిరిగే సూపర్‌వైజర్లు. వాళ్లందరిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. పైగా బందరు నుంచి వచ్చినదాన్ని. నా మాట యాస విని మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గర నవ్వుకునేవారు. చెడ్డ నవ్వేమీ కాదు. కానీ ఆ బల్ల దగ్గర నాకు కుర్చీ వేసినవాళ్లూ లేరు. నా డబ్బా నా గదిలోనే తినేదాన్ని.

మాస్టర్ ప్లాన్ అంటే చాలామంది రోడ్ల పటం అనుకుంటారు. అది నగరంలో ఏ నేల మీద ఏం కట్టుకోవచ్చో రంగుల్లో చెప్పే పటం. పసుపు అంటే నివాసం, నీలం వ్యాపారం, ఎరుపు బడులూ ఆసుపత్రులూ, ఆకుపచ్చ పార్కులూ ఖాళీ జాగాలూ. ప్రభుత్వం ఆమోదిస్తే ఆ రంగే చట్టం. మీ తాతల నాటి ఇల్లయినా సరే, దాని మీద ఆకుపచ్చ రంగు పడిందంటే పైన ఒక గది వేసుకోవడానికి కూడా అనుమతి రాదు. రంగు వేసేవాడికి అది కంప్యూటర్ మీద చిన్న పని. కింద బతికేవాళ్లకు అది జీవితకాలపు పేచీ.

రంగులు వేయడానికి ముందు, ఇప్పుడు ఏ ఇంటిని దేనికి వాడుతున్నారో ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాలి. ఆ పనిని ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. కుర్రాళ్లు పొద్దున వచ్చి, సాయంత్రం దాకా గల్లీలు తిరిగి, ప్రతి గోడ మీదా సుద్దతో ఒక గుర్తు వేసి పోయేవారు. తాళం కనబడితే వేరే రోజుల్లో మళ్లీ వెళ్లాలి. ఎప్పుడు వెళ్లినా తాళమే ఉంటే ‘వాడుకలో లేదు’ అని రాయవచ్చు. నిబంధన అంతే. దాన్ని వాళ్లు తప్పలేదు.

చలి మొదలయ్యే వేళకు ముసాయిదా పటం సిద్ధమైంది. అచ్చుకు పంపే ముందు, కొత్తగా పచ్చరంగు వేసిన ప్రతి చోటునూ ఒక అధికారి కళ్లారా చూసి రావాలి. కిషన్‌బాగ్ నా వంతుకు వచ్చింది. అక్కడ ఒక గల్లీ చివర కూలిపోయిన గోదామునూ, దాన్ని ఆనుకుని ఉన్న వాడుకలో లేని ఒక ఇంటినీ కలిపి చిన్న పార్కుగా చూపారు. ఆ ఆలోచన నాకు బాగానే నచ్చింది. పాతబస్తీకి గాలి ఆడే చోటు కావాలని నోట్ల మీద నోట్లు రాసిందే నేను.

నాతో వచ్చింది సూపర్‌వైజర్ యాదగిరి. ఉద్యోగంలో నెరిసిన మనిషి, నెమ్మదస్తుడు. గోదాము నిజంగానే గోడలు పడిపోయి ఉంది. పక్కింటి తలుపుకు పెద్ద తాళం, గోడ మీద సుద్ద గుర్తు.

“ఖాళీ ఇల్లే మేడం. మావోళ్లు మస్తు సార్లు వచ్చి పోయిండ్రు,” అన్నాడు యాదగిరి.

తనిఖీ నివేదిక మీద సంతకం పెట్టబోతుంటే పోపు వాసన వచ్చింది. జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి. కిటికీకి వేలాడే పరదా ఉతికి ఆరేసినట్టు శుభ్రంగా ఉంది.

“ఖాళీ ఇంట్లో పోపు ఎవరు వేస్తున్నారండీ?” అన్నాను.

“పక్కింట్లకెల్లి వస్తుందేమో మేడం.”

పక్కింటి తలుపు నేనే కొట్టాను. ఆ ఇంటి కోడలు పిల్ల షాహీన్ నన్ను చూసి, నా వెనకున్న యాదగిరిని చూసి, తలుపు ఓరగా పెట్టి, తాళం వేసిన ఇంటి వైపు చూపించి చెప్పింది: “ఖాలా లోపల్నే ఉంది. ఇద్దత్‌ల ఉంది.”

భర్త పోయిన ముస్లిం స్త్రీ నాలుగు నెలలకు పైగా ఇల్లు దాటకుండా, పరాయి మగవాళ్ల కంటపడకుండా ఉండే కాలం అది. యాదగిరిని గల్లీలో ఉంచి, షాహీన్ వాళ్ల వాకిట్లోంచి వెనక తలుపు గుండా నన్ను తీసుకెళ్లింది.

ఖైరున్నీసా బేగం పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. తెల్ల దుపట్టా, చేతులకు గాజుల్లేవు. షాద్‌నగర్ దిక్కున పుట్టిందట, తెలుగు ధారాళంగా మాట్లాడింది. నేనెవరో చెప్పగానే నవ్వింది.

“బయటికెల్లి తాళం నేనే ఏయించిన బిడ్డా. ఎవరు పడితె వాళ్లు తలుపు కొడ్తరు, నేను పలుకొద్దాయె. తాళం చూస్తె వాళ్లే పోతరు గద. మీ మనుషులు వచ్చిండ్రు. సుద్దతోని గోడ మీద గీకిన సప్పుడు గూడ ఇన్న. ఏం రాసిండ్రు?”

చెప్పక తప్పలేదు. పార్కు అని చెప్పాను. ఆమె చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నేనింకా ఆకుపచ్చ రంగు సంగతి వివరిస్తుంటే మధ్యలో ఆపి అడిగింది: “అయితె మీద అర్ర ఏసుకోనియ్యరా?”

పైన ఒక గది వేయించడానికి మేస్త్రీతో మాట్లాడి పెట్టారట, భర్త ఉండగానే. ఇద్దత్ అయిపోగానే పని మొదలుపెట్టాలని ఆమె ఆశ. “ఎవర్నన్న సంసారపోళ్లను పెట్టుకుంట బిడ్డా. కిరాయి ఇయ్యకున్నా ఫికర్ లేదు. పొద్దుమాపు మనిషి అలికిడి ఉండాలె.”

ఆ మాట నాకు సూటిగా తగిలింది. నేను పెళ్లి చేసుకోలేదు, ఆ కథ ఇక్కడ అనవసరం. మలక్‌పేటలో నా ఫ్లాట్‌కు వెళ్లగానే చూడ్డానికి కాకుండా వినడానికి టీవీ పెట్టుకునే మనిషిని నేను. అలికిడి అంటే ఏమిటో నాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

మర్నాడు చీఫ్ ప్లానర్ గదిలో విషయం పెట్టాను. ఆయన చెడ్డవాడు కాడు, తొందర్లో ఉన్నవాడు. వారంలో పటం అచ్చుకు వెళ్లాలి. “పాతబస్తీలో పచ్చరంగు వేయడానికి చోటు దొరకడమే గగనం. ఒక్క ముసలావిడ కోసం పార్కు వదులుకుందామా? అచ్చయ్యాక అభ్యంతరం పెట్టుకోమనండి,” అన్నారు. అభ్యంతరాలు ఎన్ని గోనెసంచుల్లో వచ్చి చేరతాయో, అందులో ఎన్ని విప్పి చూస్తామో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక్కామె సంగతి కాదు సార్ అన్నాను. పగటిపూట మగవాళ్లు వెళ్లి తలుపు కొడితే పలికే ఇళ్లే మన పటంలోకి ఎక్కాయి, పలకని ఇళ్లు ఇంకెన్ని ఉన్నాయో అన్నాను.   బయటికి వచ్చాక, గదిలో ఉన్న నలుగురిలో ఒక అసిస్టెంటు, “మేడం గారికి కిషన్‌బాగ్ మీద మనసైంది,” అన్నాడు. నవ్వులు. గదికి వెళ్లి తలుపేసుకున్నాను. ఏడవలేదు కానీ, డబ్బా మూత మాత్రం తీయలేదు.

చివరికి చీఫ్ ప్లానర్ ఒక దారి వదిలారు. తనిఖీ నివేదిక మీద అధికారి, సూపర్‌వైజర్ ఇద్దరి సంతకాలూ ఉంటే రంగు మారుస్తానన్నారు. నిబంధనా అదే. అక్కడే పీటముడి పడింది. సంతకం అడిగితే యాదగిరి తల అడ్డంగా ఊపాడు.

“నేను కండ్లతోని సూడలే మేడం. లోపలికి పోలే. ఎట్ల పెట్టాలె సంతకం? రేపు ఎంక్వైరీ వస్తె నా పింఛను పోతది.”

అతని మాటలో తప్పు లేదు. నేను చూశాను కదా అని అతను సంతకం పెడితే, అది సుద్ద గుర్తు వేసిన కుర్రాళ్ల పనికంటే ఘోరం. ఇద్దత్ ముగిసేదాకా ఆగితే పటం అచ్చయిపోతుంది.

మళ్లీ ఒక్కదాన్నే వెళ్లి బేగం గారికి సంగతి చెప్పాను.  ఇన్ని రోజులు నిష్ఠగా గడిపిన మనిషిని ఒక కాగితం కోసం ఇరుకున పెడుతున్నందుకు నాకే సిగ్గనిపించింది. వద్దులెండి అని లేవబోయాను. ఆమె షాహీన్‌ను పిలిచి, ముందు గదిలో మందపాటి పరదా కట్టమంది. “అవసరానికి మాట పలికితె గునా లేదంటరు, పాపం గాదంటరు,” అంది, నాకు చెబుతున్నట్టు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

తాళం తీశారు. యాదగిరి చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పరదాకు ఇవతల ఉన్న పొయ్యి, మంచం, నీళ్ల కుండ చూసి రాసుకున్నాడు. పొయ్యి, మంచం, నీళ్ల కుండ చూసి రాసుకున్నాడు. ఫారంలోని ప్రశ్న అడిగాడు.

“అమ్మా, సలాం. ఇంట్ల ఎంతమంది ఉంటరు?”

పరదా అవతల నేను ఆమె పక్కనే కూర్చున్నాను. దుపట్టా కొంగు వేళ్లకు చుట్టుకుంటోంది.

“ఒక్కదాన్నే,” అంది. గొంతు తగ్గించి అడిగింది: “ఒక్కరుంటె రాసుకుంటరా?”

 యాదగిరి, “రాసుకుంటం అమ్మా. ఒక్కరున్నా ఇల్లు ఇల్లే,” అన్నాడు. రాసుకున్నాడు. సంతకం అక్కడే పెట్టాడు.

ఆ ఇంటికి పసుపు రంగు వచ్చింది. పచ్చరంగు గోదాము మేరకు కుదించుకుపోయింది. ఆ వార్డులో తాళం గుర్తున్న ఇళ్లన్నిటినీ మహిళా సంఘాల వాళ్లను పంపి మళ్లీ చూడమని చీఫ్ ప్లానర్ ఉత్తర్వు ఇచ్చారు, ముఖం మాడ్చుకునే. కొన్ని నిజంగానే ఖాళీ. కొన్నింట్లో మనుషులున్నారు. ఆడుకోవడానికి చాలనంతగా పార్కు చిన్నదైపోయిన మాట నిజం. ఆ గల్లీ పిల్లలు ఈనాటికీ బండ్ల మధ్యే ఆడుకుంటున్నారు. ఆ లోటు నా ఖాతాలోనిదే.

రిటైరయ్యాక ఒకసారి అటు వెళ్లాను. మేడ మీద గది లేచింది. తీగ మీద చిన్నపిల్లల బట్టలు ఆరుతున్నాయి, లోపల ఎవరో ఎవరినో కేకలేస్తున్నారు. తలుపుకు తాళం లేదు. పలకరించాలనే వెళ్లాను కానీ ఆ సందడి విని కాసేపు నిలబడి వచ్చేశాను. బస్సులో దారి పొడుగునా సంతోషంగానే ఉంది. ఇంటికొచ్చి టీవీ పెట్టుకున్నాను.

ఆ పని నాకు నేర్పింది ఒకటే. ఒక ఇంటిని ఖాళీ అని రాసే ముందు, ఆ ఇంటివాళ్లు ఎవరు పిలిస్తే పలుకుతారో వాళ్ల చేత పిలిపించాలి. తర్వాత నేను పాఠాలు చెప్పిన కుర్ర ప్లానర్లందరికీ ఇదే చెప్పాను.

ఈమధ్య మా అపార్టుమెంటుకు ఏదో సర్వే కోసం ఒకామె వచ్చింది, చేతిలో ట్యాబ్‌తో. ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగింది. ఒక్కదాన్నే అన్నాను. ఆమె పక్క ఫ్లాట్ వైపు కదలబోతుంటే ఆపి, రాసుకున్నావా అమ్మా అని అడిగాను. ట్యాబ్ నా వైపు తిప్పి చూపించింది. రాసుకుంది.